స్థానంవారి సత్యభామ



1902లో బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావుగారికి అనుకొనక తటస్థించిన చంద్రమతి వేషమే జీవితమార్గమైనది. పురుషుడు స్త్రీపాత్ర ధరించుట నాడు వింత గాదు. చీర, నగలు ఎవరైనను ధరింపగలరు. సత్యభామ ప్రేమయందలి అహంకారమును, దాని చాటుననున్న భయమును చూపుట మాత్రము నగలతో అగునది కాదు. 'శ్రీకృష్ణ తులాభారము'లో ఆమె భర్తను దానమిచ్చినది ప్రేమచేతనే గదా! ఆమెను తొలిచూపులోనే గయ్యాళిగా నిలిపినచో కథ పరిహాసమగును. స్థానంవారి భామను ప్రేక్షకులు ప్రేమించిరి. ఆయన మధురవాణి వేరు, చిత్రాంగి వేరు. వేషము తీసిన పిదప ఆయన ఆయనయే. మన కచేరీలలో కుర్చీ మారినంతనే ఇంటను గొంతు మార్చువారు లేకపోలేదు!

1956లో వారికి పద్మశ్రీ లభించినది. 1971లో కీర్తిశేషులైరి. వారి స్వీయచరిత్ర 'నటస్థానం' మన సంఘ గ్రంథాలయమునకు తెప్పింపవలెనని కార్యదర్శిగారిని కోరుచున్నాను.