నాపబండల ఇంటిలో బూడిదవన్నె

ఇంటికి రంగులు వేయించే సమయంలో బూడిద రంగు అన్న మాట వినబడగానే పెద్దలు కొందరు ముఖం చిట్లిస్తారు. పసుపు కుంకుమలతో కళకళలాడవలసిన ఇంటికి బూడిద ఏమిటని వారి అభ్యంతరం. దోషం పేరులో ఉన్నదే గాని వన్నెలో లేదు. ఆ రంగునే పావురాయి రంగు అన్నా, మబ్బు రంగు అన్నా వారే సంతోషంగా తల ఊపుతారు. నలుపునకు తెలుపునకు నడుమ, ఇటు చీకటి కాక అటు వెలుతురు కాక నిలిచే ఈ ధూసర వర్ణాన్ని ఇంటిలో ఎక్కడ వాడవచ్చునో, ఎక్కడ వాడరాదో ఈ ప్రసంగంలో మనవి చేస్తాను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల శ్రోతలకు ఈ విషయం తక్కినవారికంటె ఎక్కువ పట్టింపు కలది. ఎందుకంటే, ఆ రంగు డబ్బా కొనకముందే వారి ఇండ్లలో ఉన్నది.

ఆ సీమలో ఏ ఇంటిలో అడుగుపెట్టినా కాలికి తగిలేది నాపబండ. అరుగు మీద బండ, వంటింటి గట్టు మీద బండ, అటకకు బండ, గోడగూటిలో అరకు బండ. దేశమంతటా కడప రాయి అనే పేరుతో వంటిండ్లలో పరచుకొనేది ఇదే. ఒకనాటి సముద్రపు అడుగున పొరలు పొరలుగా పేరుకొన్న సున్నపు బురద కోట్ల సంవత్సరాలలో గట్టిపడి ఈ రాయి అయినది. పొరలుగా పేరుకొన్నందువల్లనే పలకలు పలకలుగా చీలి వస్తుంది. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతాల ఈ రాతిని భూగర్భ శాస్త్రజ్ఞులు నార్జి సున్నపురాయి అంటారు. పులివెందుల వైపు దీనికంటె పాతదైన మరొక శిలాశ్రేణి ఉన్నది. దానికి అక్కడి వేంపల్లె పేరే పెట్టినారు. కడప, కర్నూలు శిలలను గురించి విలియం కింగ్ అనే శాస్త్రజ్ఞుడు వ్రాసిన పెద్ద గ్రంథం 1872లో వెలువడినది.

చీల్చిన బండ పొడిగా ఉన్నప్పుడు నడిమి బూడిదవన్నె. తడిపితే ముదురుతుంది. నునుపు పట్టి నూనె రాస్తే నలుపునకు దగ్గర అవుతుంది. కనుక ఒకే రాయి మూడు వన్నెలు చూపుతుంది. గనిలో ఒక పొర నీలం వైపు మొగ్గితే మరొకటి మట్టి రంగు వైపు మొగ్గవచ్చును. రంగును ఎన్నుకొనేవారు మొదట గమనించవలసినది తమ ఇంటి బండ ఎటువైపు మొగ్గినదన్న సంగతి. నీలి జాడ గల బండ ప్రక్కన పసుపు జాడ గల బూడిద రంగు పూస్తే గోడ మాసినట్లు కనిపిస్తుంది. మాయలేదు, తడవలేదు, జత కుదరలేదు, అంతే.

సిమెంటు కూడ ఈ రాతికి చుట్టమే. ఎర్రగుంట్ల, చిలమకూరు సిమెంటు కర్మాగారాలు ఆ ప్రాంతంలో వెలసినది సున్నపురాయి కోసమే. కాల్చిన సున్నపురాతికి బూడిద రంగు రావడానికి ముఖ్య కారణం అందులో కలిసే ఇనుము. ఇనుము పాలు బాగా తగ్గించి చేస్తే తెల్ల సిమెంటు వస్తుంది. ఇంతకూ చెప్పవచ్చినదేమంటే, క్రింద నాపబండ, ప్రహరీకి సిమెంటు పూత, వీధిలో సిమెంటు రోడ్డు, ఇన్ని బూడిదవన్నెల నడుమ ఉన్న ఇంటికి నాలుగు గోడలూ మరల అదే రంగు పూయించడం నా దృష్టిలో పొరపాటు. పట్టణాల ఇండ్ల బొమ్మలు చూచి ముచ్చటపడి అట్లా చేయించుకొనేవారు నేడు కనిపిస్తున్నారు. ఆ బొమ్మలలోని ఇండ్లలో నేల చెక్కది, లేదా తెల్ల రాయి. మన నేల అది కాదు.

ఇక వెలుతురు మాట. తనపై పడిన వెలుతురులో సుమారు ఐదవ వంతును మాత్రమే తిరిగి పంపే వన్నె మన కంటికి నలుపు తెలుపుల సరిమధ్యగా తోస్తుంది. సగం వెలుతురు పంపేది కదా మధ్య కావలె అని అనిపించవచ్చును. కన్ను ఆ లెక్కను అంగీకరించదు. ఛాయాచిత్రకారులు వెలుతురు కొలవడానికి వాడే బూడిద అట్ట 18 శాతం లెక్కన తయారైనది. క్రొత్తగా వేసిన వెల్ల అయితే నూటికి సుమారు 80 పాళ్ళు వెలుతురును తిరిగి పంపుతుంది. అంటే వెల్ల గోడను నడిమి బూడిద రంగుగా మార్చిన గృహస్థుడు గోడ తిరిగి ఇచ్చే వెలుతురులో మూడు వంతులు వదులుకొంటున్నాడన్నమాట. పాత మిద్దె ఇండ్లలో, దంతెల మీద చౌడు పోసిన కప్పు క్రింద, పైనున్న చిన్న గవాక్షం నుండి వచ్చే వెలుతురే ఆధారం. అటువంటి గదిలో బూడిద రంగు పూస్తే పగటిపూట దీపం వెలిగించుకొనవలసి వస్తుంది. పిల్లలు చదువుకొనే గది అయితే మరీ చెడు. ఆ గదులకు వెల్లయే ఉండనిండు.

మిద్దె పైభాగానికి, పడమటి ఎండ తగిలే వెలుపలి గోడకు కూడ ఈ రంగు పనికిరాదు. వేసవిలో 40 డిగ్రీలు దాటి కాసే ఎండను ఆ వన్నె ఎక్కువ పాలు మ్రింగి, ప్రొద్దు గూకిన తరువాత ఇంటిలోనికి విడుస్తుంది. మిద్దె మీద సున్నం కొట్టించే పాత అలవాటును ఇప్పుడు శాస్త్రజ్ఞులు క్రొత్త పేర్లతో ప్రచారం చేస్తున్నారు. పేరేదైనా తెలుపు తెలుపే.

మరి ఎక్కడ వాడవలెను? చేతులు, కాళ్ళు, వీపులు, సైకిలు పిడులు తగిలే చోట. నడవలో, మెట్ల ప్రక్కన, వాకిలి చుట్టూ, నేల నుండి మూడు మూడున్నర అడుగుల ఎత్తున ఒక పట్టీగా వేసి, పైన వెల్లగాని మీగడ రంగుగాని ఉంచితే బండ నేల గోడ మీదికి కొంత ఎక్కి ఆగినట్లుంటుంది. అంతకంటె అందమైన బూడిదవన్నె నేను చూడలేదు. దుమ్ము కనిపించదు, వ్రేలిముద్ర కనిపించదు. కిటికీ ఊచలకు, గేటుకు, గోడబీరువా తలుపులకు కూడ ఇది అమరుతుంది. ఇనుముకు మాత్రం త్రుప్పు గీకి, ముందు రెడ్ ఆక్సైడు పూత వేయవలెను. తలవాకిలి మంచి కలప అయితే దాని జోలికి పోవద్దు. నూనె పట్టించి వదలండి.

రంగుల స్వభావంలో ఒక చిత్రం ఉన్నది. ఫ్రాన్సు దేశంలో షెవ్రూల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు గోబెలిన్ నేతశాలలో అద్దకపు పనికి అధికారిగా ఉండేవాడు. నేతలో నలుపు నూలు తగినంత నల్లగా కనిపించడం లేదని ఫిర్యాదులు వచ్చినవి. అద్దకంలో లోపమేమీ అతనికి కనిపించలేదు. ప్రక్క నూలు రంగు వల్లనే నలుపు మారినట్లు తోస్తున్నదని గ్రహించి, 1839లో దానిమీద గ్రంథం ప్రకటించినాడు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు చేనేతవారికి ఇది ఫ్రాన్సు నుండి తెచ్చి చెప్పవలసిన విషయం కాదు. అంచు మారిస్తే చీర వన్నె మారడం వారు మగ్గం మీద చూస్తూనే ఉంటారు. బూడిద రంగు ఈ ప్రభావానికి అన్నింటికంటె తేలికగా లొంగుతుంది. ఎర్రమన్ను అలికిన అరుగు ప్రక్కన పచ్చని జాడ, పసుపు గోడ ప్రక్కన నీలి జాడ దానికి వస్తాయి.

గడప విషయం వేరుగా చెప్పవలసి ఉన్నది. బూడిదవన్నె బండ నేల మీద పసుపు పూసి కుంకుమ పెట్టిన గడప మసక వెలుతురులో సైతం స్పష్టంగా కనిపిస్తుంది. ఆచారం ఏ ఉద్దేశంతో వచ్చినా, చూపు తగ్గిన ముసలివారి కాళ్ళను అది కాపాడుతున్నది. నేలా మెట్టూ గోడా ఒకే బూడిద రంగులో ఉన్న ఇంటిలో కంటిపొర వచ్చిన పెద్దలకు మెట్టు అంచు తెలియదు. ఇంటిలో అటువంటివారు ఉంటే మెట్టు అంచున రెండంగుళాల వెడల్పున తెలుపో పసుపో గీత తప్పక వేయించండి. వాకిట ముగ్గుకు మాత్రం బండ వన్నెను మించిన నేపథ్యం లేదని గృహిణులకు నేను చెప్పనక్కరలేదు.

దీపాల కాంతి కూడ రంగును మారుస్తుంది. నీలి తెలుపు కాంతినిచ్చే ఎల్‌ఇడి దీపం క్రింద బూడిద గోడ ఇనుప రేకువలె చల్లగా తోస్తుంది; పసుపు కాంతి క్రింద అదే గోడ మెత్తబడుతుంది. ఉత్తరపు కిటికీ ఉన్న గదిలో నీలి జాడ హెచ్చు, పడమటి గదిలో సాయంకాలం తక్కువ. కాబట్టి దుకాణంలోని అరచేతి అంత ముక్కను చూచి నిర్ణయించవద్దు. రెండడుగుల అట్ట మీద పూసి, ఆరిన తరువాత బండను ఆనించి నిలబెట్టి, ఉదయం, మిట్టమధ్యాహ్నం, దీపాలు పెట్టిన తరువాత చూడండి.

పాత రాతి గోడల ఇండ్లవారికి ఒక హెచ్చరిక. మట్టితో కట్టి సున్నం పూసిన గోడ నేలలోని చెమ్మను పీల్చి గాలికి వదులుతూ ఉంటుంది. దానిమీద ఎనామిల్ రంగు పూస్తే చెమ్మకు దారి మూసుకొని, ఒకటి రెండు వానకారులలో పొర బొబ్బలెత్తి రాలుతుంది. క్రొత్త సిమెంటు పూత మీద కూడ తొందర తగదు. అందులోని క్షారం నూనె రంగును సబ్బుగా మార్చి పాడుచేస్తుంది. పూత తడిపి, ఆరి, కనీసం నెల గడవనిండు. పాత గోడకు సున్నంలోనే నల్ల పొడి కలిపించుకొనడం ఉత్తమం. బొగ్గు జాతి నలుపు సున్నానికి చెడదు. తడి సున్నం ముదురుగా కనిపించి, ఆరితే బాగా తేలిపోతుంది గనుక, పనివాడు బక్కెటులో చూపిన వన్నెకు ఒప్పుకొనక, ఒక మూల పూయించి మరునాడు చూచి, తరువాత పొడి పాళ్ళు పెంచమనండి.