పట్టా చేతికి వచ్చిన తరువాత
(అల్ షహానియా తెలుగువారి సాంస్కృతికోత్సవంలో చేసిన ప్రసంగ పాఠం)



మా తాతగారు, మా నాన్నగారు బడిపంతుళ్ళు. నేను మూడవ తరం పంతులును. పంతులుగారి అబ్బాయి పంతులే అవుతాడని ఊరివారు ముందే తీర్మానించారు గనుక, వృత్తి ఎంచుకునే చింత నాకు లేకపోయింది. మన పిల్లలకు ఆ వెసులుబాటు లేదు. కనుక కాలేజీ చివరి సంవత్సరంలో ఉన్నవారిని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

వారి ముందు సాధారణంగా మూడు దారులు ఉంటాయి. ఇక్కడే ఉద్యోగం చూసుకోవడం, స్వదేశం వెళ్ళి పై చదువు చదవడం, అప్పుచేసి మరో దేశం పోవడం. విజయవాడలోనో కరీంనగరులోనో ఉన్న కుర్రవాడు "ఏ పని చెయ్యాలి?" అని ఆలోచిస్తాడు. మన కుర్రవాడు "ఎక్కడ ఉండనిస్తారు?" అని ముందు ఆలోచించాలి. ఈ దేశంలో తండ్రి పూచీ మీద కొడుకు ఉండగలిగేది 25 ఏళ్ళ వరకే. కూతురికైతే పెళ్ళి అయ్యేవరకు.

ఈ ఒక్క నియమం మన ఇళ్ళలో రెండు విధాలుగా పనిచేస్తున్నది. మగపిల్లవాడి విషయంలో తొందర. "ఏదో ఒక కంపెనీలో చేరిపో, ముందు కార్డు చేతికి వస్తుంది" అంటాము. ఆడపిల్ల విషయంలో తాత్సారం. "చూద్దాంలే" అంటాము. రసాయన శాస్త్రంలో డిగ్రీ పూర్తిచేసిన ఒక అమ్మాయి నాతో అన్నది: "మాస్టారూ, తమ్ముడేం చెయ్యాలని మా ఇంట్లో రోజూ మాట్లాడుకుంటారు. నాకు గడువు లేదు కదా, అందుకని నన్నెవరూ అడగరు." ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. చట్టం ఆమెకు కాలాన్ని ఇచ్చింది. ఆ కాలాన్ని ఆమె చేతికి ఇవ్వనిది మనమే.

గడువు నిజమే. కాని గడువు వృత్తిని నిర్ణయించకూడదు. మన ఊరినే చూడండి. అల్ షహానియా అనగానే ఎవరికైనా ఒంటెల పందెమే గుర్తుకు వస్తుంది. ఒకప్పుడు ఆ ఒంటెల మీద చిన్న పిల్లలను కూర్చోబెట్టి పరుగెత్తించేవారు. 2005లో ప్రభుత్వం దానిని నిషేధించింది. ఇప్పుడు చిన్న మరబొమ్మలు స్వారీ చేస్తున్నాయి. యజమానులు పక్కబాటలో కార్లలో వెంట వెళుతూ వాటిని దూరం నుంచే ఆడిస్తారు. పసివారికి ఆ బాధ తప్పినందుకు సంతోషిద్దాం. అయితే మరొకటి గమనించండి. ఒంటెను మేపి, మచ్చిక చేసి, నడక చూసి జబ్బు పసిగట్టేవాడి పని పోలేదు. పైగా మరబొమ్మను బాగుచేసే కొత్త పని పుట్టింది. పనిముట్టు మారినా, పని మర్మం తెలిసినవాడికి చోటు ఉంటుంది. నేడు కంప్యూటరు జమాఖర్చులు తానే రాస్తున్నదని కామర్సు పిల్లలు బెంగపడుతున్నారు. పద్దు రాసే చెయ్యి మారవచ్చు. పద్దులో తప్పు పట్టే కన్ను ఎప్పుడూ కావాలి.

అందుచేత విద్యార్థులకు నా సలహా ఇది. ఏ పనిలో లోతుకు దిగగలరో ముందు తేల్చుకోండి. ఆ పనిని ఏ ఊరికైనా వెంట తీసుకుపోవచ్చు. ఆ తరువాత ఊరి సంగతి చూడండి. నియమాలు తెలుసుకోండి, పుకార్లు నమ్మకండి. ఒకప్పుడు యజమాని అభ్యంతరం లేదని పత్రం ఇస్తేనే ఇక్కడ ఉద్యోగం మారగలిగేవారు. 2020 సంస్కరణలతో, ముందుగా నోటీసు ఇచ్చి మారే వీలు వచ్చింది. కనుక మొదటి ఉద్యోగం జీవితఖైదు కాదు. ప్రైవేటు ఉద్యోగాలలో స్వదేశీయులకు ముందు చోటు ఇవ్వాలని 2024లో చట్టం చేశారు. అది వారి దేశం, వారి న్యాయం. ఆ సంగతి తెలిసి మనం సిద్ధపడాలి. 2018 నాటి శాశ్వత నివాస చట్టం కొద్దిమందికే అందేది. ఆ కొద్దిమందికీ అరబీ బాగా రావాలన్నది ఒక షరతు. తెలుగు పంతులునైన నేనే చెబుతున్నాను, అరబీ నేర్చుకోండి. తల్లిభాష గట్టిగా పట్టుబడినవాడికి మరో భాష బరువు కాదు.

తలిదండ్రులకు ఒక విన్నపం. ఈ హాలులో నర్సులు, వెల్డర్లు, లెక్కల గుమాస్తాలు, ఇంజినీర్లు, డ్రైవర్లు, వంటవారు ఉన్నారు. మన పిల్లలకు మీ జీతాలు తెలుసు గాని మీ పనులు తెలియవు. ద్వారం దగ్గర బల్ల మీద ఒక నోటుపుస్తకం పెట్టించాను. అందులో మీ పేరు, మీ పని రాయండి. సెలవురోజున ఒక గంటసేపు ఒక విద్యార్థిని కూర్చోబెట్టుకుని, మీ పనిలో ఉన్న తీపీ చేదూ దాచకుండా చెప్పండి. ఆ పుస్తకంలో ఆడపిల్లల పేర్లకు ఒక పేజీ ముందే కేటాయించాను. దానిని ఖాళీగా ఉంచవద్దని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.