తప్పు పదిమందిలో చెప్పేటప్పుడు

మునగాల సంస్థానం దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు తెలుగులో విజ్ఞాన సర్వస్వం తలపెట్టారు. పని పూర్తి కాకుండానే 1923లో కన్నుమూశారు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో ఇప్పుడు ఆ పనికి ఎవరైనా చెయ్యి వేయొచ్చు.

దాన్ని నడిపే మీడియావికీ సాఫ్ట్‌వేరూ అంతే. ఎవరైనా కోడ్ దిద్ది పంపితే, గెరిట్ అనే చోట ఇంకొకరు వరుస వరుసా చదివి మార్కు వేస్తారు. ప్లస్ రెండు పడితే కోడ్ లోపలికి, మైనస్ ఒకటి పడితే మళ్లీ దిద్దుబాటుకు. ఆ మాటలు లోకమంతా చదువుతుంది, ఏళ్ల తర్వాత కూడా. చిక్కంతా అక్కడే. "ఇదేం కోడయ్యా" అన్నారనుకోండి, కొత్త కుర్రాడు మళ్లీ ఆ గడప తొక్కడు. "నలభయ్యో వరుసలో పేరు ఖాళీగా వస్తే ప్రోగ్రాం ఆగిపోతోంది, చూడండి" అంటే దిద్దుకుని వస్తాడు. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ అంతటివారే తన కటువైన ఈమెయిళ్లకు 2018 సెప్టెంబరులో క్షమాపణ చెప్పి, కొన్నాళ్లు పక్కకు తప్పుకున్నారు.

వాదన తెగకపోతే ఫోనులో మాట్లాడుకోండి, తప్పులేదు. ఏం తేలిందో, ఎందుకో మాత్రం రెండు ముక్కలు గెరిట్‌లోనే, అందరికీ కనిపించేలా రాయాలి. తెలుగు వికీలో అందరూ చేరి మాట్లాడుకునే పేజీ పేరు రచ్చబండ, ఎంత చక్కగా కుదిరిందో! భద్రతా లోపాన్ని మాత్రం రచ్చబండకు ఎక్కించకూడదు. సరిచేసేదాకా అది గుట్టుగానే ఉండాలి.