ఉన్నత పాఠశాలలో హాజరు: పంచాయతి కర్తవ్యము

(కోనసీమ గ్రామ పంచాయతి సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)

 

రోడ్లు, వీధి దీపములు, మంచినీరు పంచాయతి పనులని మనకందరకు తెలియును. ఊరి పిల్లలు నేడు బడికి వెళ్లిరా లేదా అని విచారించుట కూడ పంచాయతి పనియే యను సంగతి మనలో అనేకులు గమనింపరు. ఇది మేము కల్పించి చెప్పుచున్న మాట కాదు. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము, 9వ సెక్షనులో స్థానిక సంస్థల విధులను పేర్కొన్నది. తమ పరిధిలోని 14 ఏండ్ల లోపు పిల్లల పట్టికను ఉంచుట, వారు బడిలో చేరి, హాజరగుచు, ఎనిమిదవ తరగతి ముగించునట్లు చూచుట, వలస వచ్చిన కుటుంబముల పిల్లలను చేర్పించుట ఆ విధులలోనివి.

ఉన్నత పాఠశాలలో ఆరు నుండి పది వరకు తరగతులు కలవు. అందు మొదటి మూడు తరగతులకు ఈ చట్టపు అండ యున్నది. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఆ అండ లేదు. కనుక అచ్చట మన శ్రద్ధ మరింత అవసరము.

హాజరు నియమము నూటికి 75. పదవ తరగతి పబ్లిక్ పరీక్షకు ఈ హాజరు కావలెను. 2020 జనవరిలో ప్రారంభమైన అమ్మ ఒడి పథకమునకును, 2025 జూన్‌లో ప్రారంభమైన తల్లికి వందనమునకును ఇదే నియమము పెట్టిరి. 2025లో ఒక్కొక్క విద్యార్థికి నిర్ణయించిన 15,000 రూపాయలలో 13,000 తల్లి ఖాతాకును, 2,000 పాఠశాల నిర్వహణకును కేటాయింపబడినవి.

ఇప్పుడొక చిన్న లెక్క వేయుదము. ఆరు నుండి ఎనిమిదవ తరగతి వరకు సంవత్సరమునకు 220 పనిదినములు ఉండవలెనని చట్టము. 75 శాతమనగా 165 దినములు. ఇంకను 55 దినములు మానవచ్చును గదా యని కొందరి ధీమా. వారమునకు ఆరు దినముల చొప్పున 220 దినములు సుమారు 37 వారములగును. వారమునకు ఒక్క దినము మానిన బాలికకు 37 దినములు పోయినవి. గోదావరి వరదలో పది దినములు, జ్వరముతో నాలుగు దినములు, సంక్రాంతి సెలవులు తీరిన పిదప చుట్టముల యింట ఆరు దినములు. మొత్తము 57. ఆమెను ఎవరును బడి మాన్పింపలేదు. అయినను హద్దు దాటినది.

మన కోనసీమకు ప్రత్యేకమైన కష్టములు రెండు. ఒకటి వరద. 2022 జూలైలో భద్రాచలము వద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు మన లంక గ్రామముల స్థితి మీరు కన్నులార చూచినదే. ప్రభుత్వము సెలవు ప్రకటించిన దినములు గైరుహాజరు కావు. కాని ఏటి గట్టుమీది బడి తెరచియుండి, లంకలోని పిల్ల రేవు దాటలేని దినములు కూడ ఉండును. అట్టివేళ పంచాయతి ఆ పిల్లల పేర్లను, తేదీలను ప్రధానోపాధ్యాయునకు వ్రాతపూర్వకముగా తెలుపుట మంచిది.

రెండవది పరదేశ వలస. మన పల్లెల నుండి తల్లులనేకులు కువైటు, దుబాయి, మస్కటులకు పనికి వెళ్లియున్నారు. పిల్లలు మామ్మ వద్దనో, అమ్మమ్మ వద్దనో పెరుగుచున్నారు. అట్టి యింటిలో ఎనిమిదవ తరగతి చదువు ఒక పిల్లను ఊహింపుడు. మామ్మకు కాలు నొప్పి చేసినది. పిల్ల రెండు దినములు ఇంట నిలిచి వంట చేసినది. తరువాత లెక్కల పాఠము బోధపడలేదు. మాష్టారు అడుగుదురను భయముతో మరి మూడు దినములు మానినది. బడిలోనున్న ఫోను నెంబరు తల్లిది; ఆమె దేశాంతరమున ఉన్నది. నెల తిరుగగనే ఎవరో పెండ్లి మాట తెత్తురు. 18 ఏండ్లు నిండని బాలికకు పెండ్లి చేయుట 2006 నాటి చట్టము ప్రకారము నేరమే. కాని పెండ్లి పందిటిలో అడ్డుపడుట కంటె, మూడవనాడు వెళ్లి మామ్మను పలుకరించుట ఎంతో సులభము.

కుటుంబములకు మీరు తెలుపవలసిన సంగతులివి:

ఒకటి: పిల్ల రాలేని దినమున కారణము వ్రాసి సెలవు చీటీ పంపవలెను. జబ్బు ఎక్కువ దినములున్నచో వైద్యుని కాగితము భద్రపరచి బడిలో ఇయ్యవలెను. పరీక్షల ముందు వెదకుకొనిన లాభము లేదు.

రెండు: ఊరిలోనుండి పిలిచిన పలుకు పెద్దవారి ఫోను నెంబరు బడిలో వ్రాయింపవలెను.

మూడు: ఎనిమిదవ తరగతి లోపు పిల్లలను వయసు ధ్రువపత్రము లేదని చేర్చుకొనకుండ త్రిప్పి పంపరాదు. ప్రభుత్వ బడినుండి మారునప్పుడు బదిలీ పత్రము ఆలస్యమైనను చేరిక ఆగరాదు. మానిన పిల్లను ఆ వయసునకు తగిన తరగతిలో చేర్చుకొని ప్రత్యేక శిక్షణ ఇయ్యవలెను. గైరుహాజరను పేరుతో పేరు కొట్టివేసి పంపివేయరాదు.

నాలుగు: 14 ఏండ్ల లోపు పిల్లలను కూలికి పెట్టరాదు. ఇంటి పనికి సాయపడినను, అది బడి వేళలు కాని సమయమునందే కావలెనని 2016 నాటి సవరణ చెప్పుచున్నది. కొబ్బరి ఒలుపునకు, రొయ్యల చెరువునకు బడి మాన్పించుట తగదు.

ఇక మన పని. ప్రతి సభ్యుడును తన వార్డులోని ఉన్నత పాఠశాల పిల్లల పేర్లు ఒక పుస్తకములో వ్రాసికొనవలెను. వారమునకొకసారి వరుసగా మూడు దినములు రాని పిల్లల పేర్లు ప్రధానోపాధ్యాయుని అడిగి తెలిసికొనవలెను. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. సభ్యులలో సగము మంది స్త్రీలు ఉండవలెను. వారిని వెంటబెట్టుకొని ఆ యింటికి వెళ్లవలెను. వెళ్లునప్పుడు అధికారము చూపరాదు. జరిమానా మాట ఎత్తరాదు. పిల్ల ఎందులకు రాలేదో అడిగి, మామ్మను ఆస్పత్రికి తీసికొనిపోవువారు లేరన్న ఆ సాయము చేయవలెను. చట్టము చేయలేని పని అచ్చట పొరుగువారు చేయగలరు.

లంకల గన్నవరములో డొక్కా సీతమ్మగారు ఆకలితో వచ్చినవారికెల్ల అన్నము పెట్టిరి. ఆ తల్లి 1909లో గతించిరి. 2024 నుండి మన రాష్ట్రమున బడి భోజనమునకు ఆమె పేరు పెట్టిరి. ఆ పంక్తిలో ఒక పళ్లెము ముందు పిల్ల లేనినాడు, ఎవరు రాలేదని అడుగుట మన వంతు. వచ్చే సోమవారమే మీ వార్డు పుస్తకము తెరువుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.