శిశురక్షణ: స్థానిక ఆరోగ్యశాఖ, మన బాధ్యత
(ఆలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బిడ్డకు టీకా వేయించుట తల్లిదండ్రుల నిర్ణయమే అయినా, దాని వెనుక మన కంటబడని వ్యవస్థ ఒకటి నిరంతరం పనిచేస్తున్నది. అదే కౌంటీ ఆరోగ్యశాఖ. 1989-91 నడుమ అమెరికాలో తట్టు ప్రబలినప్పుడు, రోగగ్రస్తులైన పిల్లలలో అనేకులకు టీకా అందనేలేదని తేలింది. అందువల్ల 1994లో ‘వ్యాక్సీన్స్ ఫర్ చిల్డ్రన్’ పథకం ఆరంభమై, బీమా లేని పిల్లలకు ఉచితంగా టీకాలు అందసాగాయి. 2000లో ఈ దేశంలో తట్టు నిర్మూలనమైనట్లు ప్రకటించారు. టీకా శిబిరాలు నడపడం, గడువు దాటినవారికి గుర్తుచేయడం, రోగం కనబడగానే దాని జాడ పట్టడం స్థానిక శాఖల పనులు.

అయితే మందు ఉన్నంత మాత్రాన చాలదు, విశ్వాసమూ కావాలి. మిన్నెసోటాలోని సోమాలీ సంతతి పిల్లలలో తట్టు టీకా పొందినవారు 2004లో 92 శాతం. 2014 నాటికి 42 శాతం! టీకావల్ల ఆటిజం వస్తుందన్న భయమే ఇందుకు ముఖ్యకారణం. ఆ భయానికి మూలమైన 1998 నాటి వ్యాసాన్ని లాన్సెట్ పత్రిక 2010లోనే ఉపసంహరించుకున్నది. అయినా భయం తొలగలేదు. 2017లో తట్టు చెలరేగి దాదాపు 75 మందికి సోకింది. అప్పుడు ఆరోగ్యశాఖవారు సోమాలీ భాష మాట్లాడే కార్యకర్తలతో, ఇమాములతో కలిసి ఆ కుటుంబాలకు నచ్చజెప్పారు. తల్లులు బిడ్డలతో టీకాకు కదిలివచ్చారు.

మనదీ వలస సమాజమే. వదంతులు మన వాట్సాప్ బృందాలకూ చేరుతాయి. పైగా మన ఆచారాలలో ఒక విశేషమున్నది. అన్నప్రాశనకో, పుట్టువెంట్రుకలకో ఏడాది నిండని పసిబిడ్డను స్వదేశానికి తీసుకువెళ్తాము. ఇక్కడ మొదటి మోతాదు పన్నెండు నెలలు నిండాక వేస్తారు. విదేశయానం చేసే ఆరు నుండి పదకొండు నెలల శిశువులకు మాత్రం ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందే ఒక మోతాదు వేయించాలి. అది అదనపు మోతాదు. తరువాతి రెండూ యథావిధిగా వేయించవలసినవే. టికెట్ కొన్ననాడే వైద్యుణ్ణి సంప్రదించండి.

తట్టు వ్యాపించకుండా ఉండాలంటే నూటికి సుమారు 95 మందికి రక్షణ ఉండాలి. టీకాకు ఇంకా వయసు రాని పసికందులకు ఆ తొంభై అయిదుగురే కోట గోడ.

యువతీయువకులారా! మీకు తెలుగూ వచ్చును, ఇక్కడి కార్యాలయాల తీరూ తెలియును. ఉగాది వేడుకలకు ఆరోగ్యశాఖవారిని ఆహ్వానించండి. వారి మాటలను అమ్మమ్మలకు, నాయనమ్మలకు తెలుగులో వివరించండి. పెద్దల సందేహాలను ఓపికతో విని వారికి చేరవేయండి. ఆ వారధి మీరే కాగలరు.

శుభమస్తు.