తులసి టీ: మన పెరటి పానీయం

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"ఫౌజు కబుర్లు చెబుతాడనుకుంటే టీ కబుర్లా?" అని ఒకరిద్దరు నవ్వారు. టీ లేకుండా ఫౌజులో ఏ పని మొదలైందో మీరే చెప్పండి! తెల్లవారుజామున లంగరు నుంచి మగ్గు నిండా చాయ్, చిక్కటి పాలు, దండిగా పంచదార. అప్పుడు పీటీ, పరేడ్ ఉండేవి కనుక అరిగిపోయేది. ఇప్పుడు పరేడ్ పోయింది, చాయ్ మిగిలింది. రోజుకు ఐదు కప్పులు, కప్పుకు రెండు చెంచాలంటే సుమారు 40 నుంచి 50 గ్రాముల పంచదార. రోజు మొత్తంలో అన్ని రకాలుగా కలిపిన పంచదార 50 గ్రాములకు మించకూడదని, 25 లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అంటే మన కోటా చాయ్‌లోనే ఖర్చయిపోతోందన్నమాట. అందుకే నేను రెండు కప్పులుంచుకుని, మిగతా మూడింటి చోట తులసి టీ పెట్టుకున్నాను.

నేనుండేది బిలాస్‌పూర్ రైల్వే కాలనీ పక్కన. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి మనవాళ్లున్న ఊరది. 1931లో రాయపూర్–విజయనగరం లైను పూర్తయ్యాక రాకపోకలు ఇంకా సులువయ్యాయి. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకి ప్రధాన కార్యాలయం అక్కడే. మన ఇంట్లో తులసికోట ఉంటే, పక్కింటి ఛత్తీస్‌గఢీవాళ్లకి తులసీ చౌరా. కార్తీక ఏకాదశినాడు వాళ్లు చెరకుగడల పందిరి వేసి 'జెఠౌనీ' చేస్తారు. మర్నాడు మనం తులసి పక్కన ఉసిరికొమ్మ పెట్టి క్షీరాబ్ది ద్వాదశి చేస్తాం. ప్రసాదాలు గోడ మీంచి అటూ ఇటూ మారుతుంటాయి.

టీ సంగతి చెప్పగానే మా అమ్మ, "కోటలో తల్లి ఆకు టీలో వేస్తావేటిరా?" అంది. నిజమే. అందుకని కోటలోది పూజకే ఉంచి, టీకోసం వేరే కుండీల్లో వేశాను. నల్లగా ఉండే కృష్ణ తులసి కాస్త ఘాటు. మనం లక్ష్మీ తులసి అనే పచ్చదాన్ని అక్కడివాళ్లు రామ్ తులసి అంటారు. వెన్నులు రాగానే తుంచేస్తుంటే ఆకు బాగా వస్తుంది. చలికాలంలో మొక్క నీరసిస్తుంది కనుక ముందే ఆకు కోసి నీడలో ఆరబెట్టి సీసాలో దాచుకోవాలి. ఎండలో పెడితే వాసన పోతుంది.

చేసే పద్ధతి తేలిక. ఇద్దరికి రెండున్నర కప్పుల నీళ్లు, పది పన్నెండు ఆకులు, చిన్న అల్లం ముక్క, దంచిన మిరియాలు రెండు. సన్నని సెగ మీద ఐదు నిమిషాలు, మూత పెట్టే మరిగించాలి. తులసి పరిమళమంతా ఆవిరైపోయే నూనెల్లోనే ఉంది మరి. తేయాకు వెయ్యకపోతే ఇందులో కెఫీన్ ఉండదు, రాత్రి తాగినా నిద్ర చెడదు. మొదటి వారం చప్పగా అనిపిస్తుంది, తర్వాత నాలుకే అడుగుతుంది.

ఇక అసలు మాట. 2020లో కరోనా వచ్చినప్పుడు ఆయుష్ శాఖ తులసి, దాల్చినచెక్క, శొంఠి, మిరియాల కషాయం సూచించింది. ఇంటింటా కాచారు, మంచిదే. కానీ మా వీధిలో ఒకాయన చలిజ్వరం వస్తే నాలుగు రోజులు తులసి కషాయంతోనే గడిపారు. ఐదోరోజు రక్తపరీక్షలో ఫాల్సిపారం మలేరియా అని తేలింది. దేవుడి దయవల్ల బతికారు. ఛత్తీస్‌గఢ్ అడవుల్లో డ్యూటీ చేసినవారికి ఆ జ్వరమంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. జ్వరం వస్తే ముందు రక్తపరీక్ష, తర్వాతే టీ. అలాగే రక్తం పలచబడే మందులు, షుగరు మాత్రలు వాడేవాళ్లు, ఆపరేషన్ దగ్గరపడినవాళ్లు, గర్భిణులు డాక్టరుని అడిగే తాగాలి. మన ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌కి మందులకి వెళ్లినప్పుడు ఈ ఒక్క ముక్క అడగండి.

తులసి టీ చాయ్‌కి బదులు, మందుకు బదులు కాదు. బయట బల్ల మీద రెండు ఫ్లాస్కులున్నాయి, ఒకటి చాయ్, ఒకటి తులసి టీ. ఏది ముందు ఖాళీ అవుతుందో చూద్దాం.

జై హింద్.