సర్వర్ ఆగితే ఆటగాడికి మిగిలేదేమిటి?

2020 లాక్‌డౌన్‌లో మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ కుర్రాళ్లు ఎవరింట్లో వాళ్లుండే పబ్‌జీ అనే మొబైల్ ఆటలో నలుగురేసి జట్టుకట్టేవారు. సెప్టెంబర్ 2న కేంద్రం ఆ యాప్‌ను నిషేధించింది. అక్టోబర్ 30న మన దేశంలో సర్వర్లు ఆగిపోయాయి. యాప్ ఫోన్‌లోనే ఉంది, ఆట మాత్రం నడవలేదు. ర్యాంకులు, డబ్బిచ్చి కొన్న దుస్తులు, తుపాకుల రంగులు, స్నేహితుల జాబితా అన్నీ ఉండేది కంపెనీ సర్వర్‌లోనే మరి. 2021 జులైలో దాని స్థానంలో వచ్చిన బీజీఎంఐ ఆట పాత ఖాతాలను తెచ్చుకునే వీలు కల్పించింది. అన్ని ఆటలకూ ఆ అవకాశం ఉండదు.

కాబట్టి ఆటలో కొనేది సొంత వస్తువు కాదని, సర్వర్ నడిచినన్నాళ్లే వాడుకోగలమని పిల్లలకు చెప్పండి. బాగా తెలిసిన జట్టు స్నేహితుల నంబర్లు విడిగా రాసిపెట్టుకోమనండి. ఆట ఆగి దిగులుపడితే కసురుకోకండి. వాళ్లకు దూరమైంది రోజూ మాట్లాడుకునే స్నేహితులు.